నారి ఒరిసిన చోటు

మత్రా సూక్‌లో మూడో సందు.
ఖల్ఫాన్ ముసలాయన దుకాణంలో
వెండి తోమడం నా పని.
నిమ్మరసం, బూడిద, అరిగిన టూత్‌బ్రష్షు.

ఇవాళ గుడ్డమూటలోంచి ఒక ఉంగరం జారింది.
ఎర్రరాయి. ఒక పక్క చిలకముక్కులా సాగి
ఏ వేలికీ కుదరదు.
"బొటనవేలిది" అన్నాడాయన,
లేని విల్లును చెవిదాకా లాగి.
టర్కీదో పారశీకానిదో తనకీ తెలీదు;
ఎవరో సరంగు ఖర్జూరాలకి ఇచ్చిపోయాడట.

ముక్కు కింద సన్నని గాడి.
నారి ఒరిసి ఒరిసి రాయి అరిగింది.
అది లేకుంటే అరిగేది వేలు.

రువీలో టైల్స్ పరిచిన తొమ్మిదేళ్ళు
నా వేలికెవరూ ఏమీ తొడగలేదు.
కార్డు ఆఫీసులో గాజుపలక మీద నొక్కితే
మిషను మూడుసార్లు కాదంది.
జగిత్యాలలో మా అక్క లచ్చవ్వదీ అంతే:
బీడీల మూతులు మడిచి మడిచి
రేషన్ డీలరు ముందు
ఎవరిదీ కాని వేలు.

తొడిగి చూశాను. కణుపు దగ్గర ఆగి,
ఉమ్ము తడికి దిగింది.
ఎవరి మీద ఎక్కుపెట్టిన చెయ్యో!

తీసేసరికి నున్నటి తోలు మీద
ఎర్రగా ఒక సున్నా.

ఖల్ఫాన్ ధరచీటీ రాసిచ్చాడు.
దారం నేనే కట్టాను.
వెతక్కుండానే వెళ్ళి
ఆ గాడిలో కూర్చుంది.