స్పర్శ వైశాల్యం

ఇరవై రెండేళ్లుగా బోర్డు మీద ఒకే మాట రాస్తున్నాను:
ఘర్షణ బలం
తాకే తలాల వైశాల్యం మీద ఆధారపడదు.
రెండు మార్కుల ప్రశ్న. వచ్చి తీరుతుంది. కింద గీత గీసుకోండి.

ఈ ఆదివారం ఆటోనగర్‌లో
గ్రీజు తాగిన నేల నా చెప్పుల్ని వదలనంటుంటే
నిలబడి వెడల్పు టైర్లు అడుగుతున్నాను.

కారు పాతది. రెండే సీట్లు.
హైదరాబాదులో ఒక డాక్టరు మోజు తీరి అమ్మేస్తే
పీఎఫ్ మీద లోను పెట్టి
ఇంట్లో సగం ధర చెప్పి తెచ్చుకున్నాను.
పసుపు రంగు. హైమ దాన్ని మాగిన బంగినపల్లి అంటుంది.
ఎక్కేటప్పుడు మాత్రం కొంగు నడుముకి చుట్టుకుని
ఎవరైనా చూస్తున్నారా అని అటూ ఇటూ చూస్తుంది,
చూడాలనే.

సుభానీ ముందు కారుని చూడలేదు, నన్ను చూశాడు.
"ఎంత కావాలి సార్?"
"రెండొందల అరవై ఐదు."
కాదనలేదు. అదే సైజు ఒకటి ముందు చక్రానికి బిగించి
"ఒరే ఏసుపాదం" అని కేకేశాడు.
ఏసుపాదం పక్క హోటల్నుంచి తెచ్చింది
పూరీ పిండి ముద్ద.
దాన్ని టైరుకీ రేకుకీ మధ్య నొక్కి
స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పించి
తీసి నా అరచేతిలో పెట్టాడు.
పూరీ కూడా కాదు. సిగరెట్టు కాగితం.
"గుంటలో పడితే ఈ సందు కూడా ఉండదు. కోసుకుపోద్ది."

గోడ నిండా రిమ్ములు.
ఐదు రేకులవి, పది పుల్లలవి, సాలెగూడు అల్లినవి.
ఒక్కో దాంట్లో నా బట్టతల ఇన్నిన్ని ముక్కలు.
రెండు చేతుల్లో రెండు పెట్టాడు. పోత పోసింది పన్నెండు కిలోలు,
సాగగొట్టింది ఎనిమిది.
"తిరిగే బరువు సార్, ఊరికే మోసే బరువు కాదు."
జడత్వ భ్రామకం, అనుకున్నాను. పైకి అనలేదు.
ఎనిమిది కిలోల దాని ధర అడిగి
మెల్లగా కింద పెట్టేశాను.

ఉండబట్టలేక అడిగాను:
"వెడల్పుకీ పట్టుకీ సంబంధం లేదని కదా, పుస్తకంలో?"
టైరుని గేదె వీపు తట్టినట్టు తట్టాడు.
"చెక్క ముక్కకి లేదేమో సార్. రబ్బరు మెత్తనిది,
కంకర సందుల్లోకి వేళ్లు దూరుస్తది.
గాలి ఒకటే అయితే నేలని ఆనే జాగా ఇంచుమించు అంతే.
సన్నది నిలువుగా ఆనుద్ది, వెడల్పుది అడ్డంగా.
మలుపులో అడ్డం పనికొస్తది.
వానలో బందరు రోడ్డు మీద మాత్రం
మీది కారు కాదు, తెడ్డు లేని పడవ."

కాసేపాగి అన్నాడు,
"అయినా బెంజి సర్కిల్ కాడ ముప్పై దాటదు.
ఎవరి కోసం సార్ ఇంత పట్టు?"

చెప్పలేదు.
తెల్లవారుజామున ఐదింటికి
దుర్గ గుడి కింద ఫ్లైఓవర్ వంపు తిరిగేటప్పుడు
ఒక పక్క కొండ, ఒక పక్క ఇంకా లేవని కృష్ణ,
మధ్యలో నా ఎడమ భుజం మీద ఎవరో చెయ్యేసి లాగినట్టుంటుంది.
దాన్ని మిథ్యాబలం అని చెబుతాను క్లాసులో.
లేనిది, ఉన్నట్టు తోచేది.
ఈ ఇరవై రెండేళ్లలో
నన్ను ఏదైనా ఒక పక్కకి లాగిందంటే అదొక్కటే.

రెండొందల ముప్పై ఐదు దగ్గర ఆగాం.
పిండి ముద్ద చిటికెన వేలు మందం మిగిలింది.
సుభానీ దాన్ని గచ్చు మీద కాకికి విసిరాడు.
కాకి ముట్టలేదు.

సోమవారం ఫస్టు పీరియడ్.
ఎనభై రెండు మంది. గోరు కింద ఇంకా నల్లటి మరక.
ఘర్షణ బలం, తాకే తలాల, వరకూ రాశాను.
మూడో బెంచీలో అమ్మాయి లేచింది, పేరు తెలీదు, రోల్ నెంబరు నలభై ఒకటి:
"మరి లారీకి వెనక జంట టైర్లెందుకు సార్?"

సిలబస్‌లో లేదమ్మా, అనడానికి నోరు తెరిచాను.
అనలేదు.
హాస్టలు మెస్సుకి ఒకణ్ణి పరిగెత్తించాను,
పూరీ పిండి ముద్ద తెమ్మని.