రెండో రాత్రి

పుర్వొకెర్తోలో వాన వెలిసింది.
తుమీరా అవ్వ అరటాకు పొట్లాల మీద
గోనెపట్టా కప్పి
"నిద్దరోతున్నాయి, గట్టిగా మాట్లాడకు" అంది.

మొన్న కాళ్లతో తొక్కి పొట్టు వదిలించిన సోయాగింజలు,
అప్పటికి ఒకదానికొకటి ఏమీ కావు.

తెల్లారి పొట్లం విప్పితే
బూజే. కానీ ఎంత తెల్లని బూజు!
గింజనీ గింజనీ కుట్టేసింది.
ముట్టుకుంటే వెచ్చగా,
జ్వరమొచ్చిన బిడ్డ నుదురులా.

సైకిలు దిగిన వర్సీది
పది పొట్లాలు పట్టుకెళ్లాడు, అప్పు మీదే.

మిగిలినదాన్ని పల్చగా కోసి
ధనియాలూ వెల్లుల్లీ నూరిన పిండిలో ముంచి
నూనెలో వేస్తే చుయ్యిమంది.
ఎర్రబడకముందే తీసేసింది.
"పూర్తిగా వేగిపోతే ఇంక నమలడానికేముంది?"

మాంసం కొనలేని ఏళ్ల గురించి అడిగాను.
అవ్వ పచ్చిమిరపకాయ కొరికి
ఇంకో ముక్క నా ఆకులో వేసింది.