పెండింగ్‌ల ఒక్క పేరు

ట్యాబ్‌ల నలభై రెండు పేర్లు.
నలభై ఒకటి పచ్చగైనయి.
ఒక్కటి మాత్రం ఎర్రగ, కంట్ల పడ్డ మిరపగింజ లెక్క:
ఈదమ్మ, ముప్పై ఎనిమిదేండ్లు, కోడేరు.

సబ్‌సెంటర్ల చీర అడ్డం కట్టి
సిస్టరమ్మ పరీక్ష చేసిన దినం
బల్ల మీద పండుకొని
పైకప్పు పెచ్చులు లెక్కవెట్టింది ఈదమ్మ.
పుల్లవాసన మందు తాకి నిమిషమైనంక
లోపల ఒక మూలకు తెల్లగ తేలింది.
ఫోన్ ఫొటో తీసుకుంది.

"యాడికి వోతదది?"
పాలమూరుల డాక్టరమ్మ కాడికి, అన్న.
"నలుగురు పిల్లలు ఆ తొవ్వల్నే వచ్చిండ్రు.
నేనే ఎన్నడు సూడలే ఆ జాగ.
నాకు సూపియ్యకుండనే పంపిస్తవా?"

చూపిచ్చిన.
శానసేపు చూసింది.
"ఎర్రశెల్క లెక్కనే ఉంది గదనే.
గా మూలకు సౌడు పట్టింది."

రెండు దినాల ట్రైనింగుల
ఎవ్వరూ చెప్పని మాట.

సిగ్నల్ లేదు.
గుట్ట సగం ఎక్కి చెయ్యెత్తి నిలవడితే
గిర్రగిర్ర తిరిగి తిరిగి పోయింది ఫొటో.
మూడోనాడు జవాబు:
తోల్కరండ్రి, చిన్న పనే,
పొద్దుగాల వస్తే మాపటికి ఇల్లు చేరొచ్చు.

ఆమె పేరు కింద ఉన్న నంబరు పెనిమిటిది.
టింగుమని మెసేజ్ పోతది.
ఆమెకు చదువ రాదు,
ఆయనకు ఆ మాట నోట్లెకెల్లి రాదు.

దినాం పొద్దుగాల ట్యాబ్ కారణం అడుగుతది.
ఊర్ల లేదు. ఇష్టం లేదు. చనిపోయింది.
మూడే గడులు.
పత్తి ఏరుతుంది అనే గడి లేదు.

ఇయ్యాల నేనే శెల్కకు వోయిన.
కొంగు ఒడి కట్టి ఆమె పక్క సాలు వట్టిన.
పగటాల్ల దాక ఇద్దరం ఏం మాట్లాడలే.
వేలికి కాయముల్లు గుచ్చుకుంటే
నన్ను చూసి నవ్వింది:
"నీకు జీతం దీనికి గూడ ఇస్తరా?"
ఇయ్యరు, అన్న.
మల్ల నాలుగు చెట్లు ఏరినంక,
నా దిక్కు చూడకుండనే:
"సౌడు ముదిరితే శెల్క పనికి రాదు.
రేపు బస్సు ఎన్నిటికి?"

కండక్టర్ రెండు జీరో టికెట్లు చింపిండు.
కిటికీ పక్క సీటు ఆమెదే.
నా సంచిల ట్యాబ్,
ట్యాబ్ మీద ఆమె సద్దిగిన్నె.
చార్జింగు పదకొండు.
చుక్క ఇంక ఎర్రగనే ఉంది.