అంటేకో ముడి

పంద్రాగస్టుకి బళ్ళో మాట్లాడాలంట మా కెజియ.
మన ఊరి మురుగు కాలవ మీద, మూడు నిమిషాలు.
టీచరమ్మ రాసిచ్చిన కాయితం మడిచి పెట్టేసి
నా మాటల్తోనే చెప్తానంది.
చెప్పు మరి, అన్నాను.
గోడకేసి చెప్పింది. గోడకే వినపడింది.

నాకా, ఉపన్యాసాలు తెలీవు.
డ్వాక్రా మీటింగులో పేరడిగితే
పక్కావిడ చెప్పింది నా పేరు.
తెలిసిందల్లా ఈ కొక్కెం సూది, ఈ దారపుండ.

సరే, అరుగు మీదే సభ పెట్టాను.
ఒలవని కొబ్బరికాయలు ఓ ఇరవై ముందు వరసలో,
చెవుడున్న మా అత్త ఆఖర్న.
మధ్యలో లేచి వెళ్ళిపోయిన బాతుని
పట్టించుకోకన్నాను,
నిజం సభలోనూ అలాంటోళ్ళుంటారు.

"మన కాలవ, అంటే... ఎండాకాలం, అంటే..."
నేనేం అనలేదు.
అంటే అన్నప్పుడల్లా చేతిలో లేసుకి
ఓ ముడి ఎక్కువేశాను.
మొదటి రాత్రి ముక్క
ఉడుం వీపులా గరుగ్గా లేచింది.
చూసి నవ్వింది. తర్వాత ఏడ్చింది.
ఏజెంటు దాన్ని తీసుకోడు.
ఓ రీలు దారం పోయింది, పోనీలెండి.

మా అత్త "ఆఁ?" అంటే గొంతు పెంచాలి.
"పంటు మీంచి పిలుస్తున్నావేంటే" అంటే దించాలి.
లాకుల కాడ నీళ్ళొదిలినట్టే,
తలుపెంత ఎత్తాలో చేతికి తెలియాలి.

ఐదో రోజు మధ్యలో మర్చిపోయి
నోరు తెరిచి నించుంది.
ఫ్యాను కిర్రుమంటోంది.
"ఖాళీ వచ్చేసిందమ్మా" అంది బెదురుగా.
లేసుని బల్బుకి అడ్డం పట్టాను.
చూడు, ఇందులో సగం ఖాళీయే.
ఖాళీ లేకపోతే దీన్ని గుడ్డంటారు,
లేసనరు.
ఆగు. ఊపిరి తీసుకో. తర్వాతి గొలుసు అందుకో.

పదిహేనున వాన. రేకుల కింద సభ.
గొడుగు మూయడం మర్చిపోయి వెనకాల నించున్నా.
మురుగు తవ్వి మూడేళ్ళయిందనీ
చేలో నీళ్ళు వారం తియ్యలేదనీ చెప్తా చెప్తా
ప్రెసిడెంటు గారి వంక చూసి
ఆగింది.

ఎంతసేపో! రేకుల మీద వాన తప్ప ఇంకేం లేదు.
నా వేళ్ళు సూది లేకుండానే కదిలాయి.

మర్చిపోయిందో, కావాలనే ఆగిందో
ఇప్పటికీ చెప్పదు.

నిన్న ఏజెంటొచ్చాడు. పాత రేటే అన్నాడు.
లేచి నించున్నాను.
"అంటే, బాబూ..." అన్నాను.
గుమ్మంలోంచి కెజియ
ఓ వేలు ముడిచింది.