రెండు నలభై ఏడు

పొద్దున ఆరింటికి వచ్చి, అలవాటుగా అడిగాను,
ఎన్నాళ్ళ నుంచి మేలుకుని ఉన్నావని.
నాలుగు వందల పన్నెండు రోజులని చెప్పాల్సింది
మూడు గంటల ఇరవై నిమిషాలంది.

సొహార్ రేవులో ఆగస్టు.
అద్దం తలుపుకి అవతల చెమట, ఇవతల స్వెటర్‌లో నేను.
ఫోన్‌లో ఖమీస్ గారు: "ఎవరు చేశారు?"
ఎవరు అని కాదండీ, ఏం జరిగింది అని అడగాలి ముందు.
పైకి మాత్రం, చూస్తున్నానన్నాను.

లాగ్ తెరిచాను.
ఈ యంత్రం ఇంకా గ్రీనిచ్ కాలంలోనే బతుకుతోంది,
మన రెండు నలభై ఏడు దానికి నిన్న రాత్రి పదీ నలభై ఏడు.
వేళ్ళ మీద నాలుగు గంటలు కలుపుకుంటూ చదివాను.
బ్యాకప్ మొదలైంది. బ్యాకప్ ముగిసింది.
తొమ్మిదో నంబరు క్రేను తన బరువు చెప్పుకుంది.
ఎవరో హాజరు వేసుకున్నారు, ఇంకెవరో వేసుకుం

అంతే.
ఆ కింది వరసలో అప్పుడే పుట్టిన బిడ్డ ఏడుపు:
కెర్నల్ పేరు, వెర్షన్, మెమరీ ఎంతుందో లెక్క.

తనంతట తను ఆగితే చెప్పే ఆగుతుంది.
సర్వీసులన్నిటినీ ఒక్కొక్కటిగా పడుకోబెట్టి
డిస్కుల తలుపులు గడియ వేసి మరీ పోతుంది.
బెదిరి పడిపోతే కనీసం ఒక కేక మిగులుతుంది.
ఇక్కడ వీడ్కోలు లేదు, కేకా లేదు.
పరాయి చెయ్యి అందామంటే ఒక్క లాగిన్ లేదు.

మెమరీలో తప్పులు సున్నా.
గదిలో వేడి ఇరవై ఒకటి.
యూపీఎస్‌ని నిలదీశాను.
రాత్రంతా ఇస్తూనే ఉన్నానంది, రెప్ప వాల్చలేదంది,
నమ్మకపోతే గ్రాఫు చూసుకోమంది.
ఇచ్చినవాడు ఇచ్చానంటాడు,
పుచ్చుకున్నవాడు అందలేదంటాడు.
ఇక మధ్యవర్తినే పట్టుకోవాలి.

మోకాళ్ళ మీద రాక్ వెనక్కి దూరాను.
పాత పవర్ స్ట్రిప్, కొత్తది వచ్చేదాకా అని
మూడేళ్ళ కిందట నేనే పెట్టింది.
ఖాళీ సాకెట్లు మూడు.
రెండింటి మీద దుమ్ము, జల్లించిన పిండంత మెత్తగా.
మూడోది తుడిచిన పలక.
పక్కనున్న ప్లగ్ తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.
నేల మీద అట్టముక్క, మనిషి వీపంత.

రాజలింగాన్ని నేను పిలవలేదు.
తనే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.
"కాంపుల రెండొద్దుల సంది కరెంటు లేదు మేడం.
ఫోను సచ్చింది. ఏడింటికి అండ్ల మొకం జూపియ్యకుంటె
గైర్‌హాజర్ ఏస్తది గదా.
జెరంత సార్జింగు వెట్టుకున్న, గంతె.
లైట్లు ఒక్కపారి ఆరినయ్, మల్ల అచ్చినయ్.
నా పానం వోయింది."

ఆ ముఖాన్ని గుర్తుపట్టాల్సింది
ఈ యంత్రమే.
దాని నోటికాడి కూట్లోంచి ఒక్క ముద్ద తీసుకున్నాడు,
ఆ ముద్దా, ఉన్నానని దానికి చెప్పుకోవడానికే.

లేచి, డిస్కులు సరిచూసుకుని, తేరుకోవడానికి
దానికి ఆరు నిమిషాలు పట్టింది.
రిజిస్టరు ప్రకారం ఆ ఆరు నిమిషాలు
రేవులో మనుషులెవ్వరూ లేరు.
క్రేను మీద లేరు, ఓడలో లేరు, గేటు దగ్గర లేరు.
కంటైనర్లు మాత్రం దిగుతూనే ఉన్నాయి.

రిపోర్టులో రాశాను:
పవర్ స్ట్రిప్ వదులు, మార్చాలి.
అబద్ధం లేదు, రెండుసార్లు చదివి చూసుకున్నాను.
బాధ్యులెవరు అనే గడిలో నా పేరు.
అట్టముక్కకి ఆ ఫారంలో గడి లేదు.
కాంపు కరెంటుకి వేరే ఫారం ఉందట,
అది ఎవరి బల్ల కింద ఉందో ఇంకా తెలియలేదు.

ఏడుకి రెండు నిమిషాలు.
నా లాప్‌టాప్‌కి తగిలించిన ఫోను, మూడు శాతం.
రాజలింగం దాని ఎదుట ముఖం ఎత్తి పట్టుకున్నాడు,
నవ్వకుండా, ఊపిరి బిగబట్టి.
తెర మీద చిన్న చక్రం
తిరుగుతోంది
ఇంకా