ఎన్నాళ్ళ నుంచి?

అల్లూరు బస్టాండు పక్కన మందుల షాపు నాది.
ఇసకపల్లి ఉప్పుకయ్యల్లో పనిచేసే వెంగమ్మ
శివరాత్రి వెళ్ళిన వారం మొదటిసారి వచ్చింది.
"నోట్లో పుండ్లబ్బయా" అంది.
వేడి చేసుంటుందన్నాను.
బీకాంప్లెక్సు ఒక షీటు, పూతమందు ఒకటి,
చిల్లర లేక రెండు చాక్లెట్లు.

పదిరోజులకి మళ్ళీ అదే షీటు.
మళ్ళీ.
ఉగాది దాటాక మళ్ళీ.
ఆ రోజు కొంగుముడి విప్పి
చాక్లెట్లన్నీ గల్లాపెట్టె మీద పోసింది,
"నమిలేదానికి కాదు, నీ బిడ్డకియ్యి" అని.
నేను నవ్వాను. అదీ గుర్తుంది నాకు.

పగలంతా ఉప్పునీళ్ళలో నిలబడి
తెల్లటి కుప్పలు లాగే మనిషి
గంజిలోకి ఒక్క కల్లు వేసుకోలేకపోయింది.
"ఊరందరికీ ఉప్పు నేను పోస్తా,
నాకే పడకుండా పోయింది" అంది.
ఎంత బాగా చెప్పిందో అనుకున్నాను గానీ
ఎందుకు చెప్పిందో అనుకోలేదు.

రోహిణికార్తెలో వీపు మీద బొబ్బలు లేచాయి.
కాలిన బొబ్బలా బిగువుగా కాదు,
సగం ఖాళీ అయిన పాల పాకెట్టులా వదులుగా.
పోలేరమ్మ పోసిందన్నారు, వేపాకు పరిచారు.
సాలెపురుగు పారిందన్నారు.
సర్పి అని జాజు పూశారు.
ఉప్పు పడలేదన్నాడు మేస్త్రీ, కూలి కోశాడు.
చిదికిన చోటు మానదు,
రవిక అంటుకుపోతుంది, విప్పితే తోలూ వస్తుంది.
బస్సులో పక్కన ఎవరూ కూర్చోలేదు.
ఆ వారం డబ్బులు నేనూ చేత్తో తీసుకోలేదు,
బల్ల మీద పెట్టమన్నాను.

నెల్లూరు పెద్దాసుపత్రిలో నసీమా అని చిన్న డాక్టరు,
వీపు చూసి, వీపు గురించి అడగలేదంట.
"నోరు తెరువమ్మా. ఇది ఎన్నాళ్ళ నుంచి?"
నాలుగు నెలలు.
బొబ్బ లేని చోట, మంచి తోలు మీద
బొటనవేలు ఆనించి కొద్దిగా పక్కకి నెట్టింది.
పాల మీద మీగడ జరిగినట్టు
తోలు జరిగింది.
ఆ వేలు అక్కడే ఆగిపోయింది.
వెనక్కి తిరిగి పెద్ద డాక్టరుతో మెల్లగా అంది:
పెంఫిగస్.

వెంగమ్మ నోట్లో అది "పెంపుడుకసి" అయింది.
నేను దిద్దలేదు.

చిన్న ముక్క తీసి మద్రాసు పంపారు.
చీకటి గదిలో అద్దాల కింద
కణం చుట్టూ, కణం చుట్టూ, పచ్చగా వెలిగే వల.
ఆ బొమ్మ చూసి ఆమె మొగుడు మస్తానయ్య,
"మా రేవులో వలే గదా ఇది" అన్నాడంట.
ఒంటికి కాపలా పెట్టుకున్నవాడే
రాత్రిపూట గట్లు తెంచుతున్నాడని,
కయ్యకీ కయ్యకీ మధ్య పట్టు వదిలిపోతోందని,
ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదని
డాక్టరు చెప్పింది.
చివరి మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు.

అరిటాకుల మీద పద్దెనిమిది రోజులు పడుకుంది.
మందులకి మొహం ఉబ్బింది, చక్కెర పెరిగింది.
ఒక పొద్దున నర్సుని అడిగి
సాంబారన్నం తెప్పించుకుంది.

ఇప్పుడా చీటీ నా దగ్గరికే వస్తుంది.
పొద్దున ఎన్ని, తగ్గించేది ఎప్పుడు, చెప్పకుండా ఆపకూడదని
అట్ట మీద పెద్దక్షరాలతో రాసిస్తాను.
డబ్బులు చేత్తో తీసుకుంటాను.
ఆమె ఎప్పుడూ ఏమీ అనలేదు.
అంటే బాగుండును.

మొన్న లారీ క్లీనరు పిల్లోడొకడు పరిగెత్తుకొచ్చాడు.
"అన్నా, నోటిపూతకి బీకాంప్లెక్సు."
ఎన్నాళ్ళ నుంచి?
"ఇయ్యన్నా, బండి కదుల్తా ఉంది."
ఎన్నాళ్ళ నుంచి రా?
చొక్కా ఎత్తమన్నాను. తిట్టుకుంటా ఎత్తాడు.
వీపు నున్నగా ఉంది. నాలుగు రోజులే అన్నాడు.
షీటు ఇచ్చాను.
లారీ హారను కొడుతుంటే గల్లాపెట్టె అడుగు దాకా వెతికి
రూపాయితో సహా చిల్లర ఇచ్చాను.