ఏడు దారాలు

వంటింటి గోడకి ఏడు మేకులు కొట్టాను.
మేకుకో రంగు దారం,
దారం చివర బట్టలారేసే క్లిప్పు,
క్లిప్పు నోట్లో కాగితాలు.

ఆ పోటీల పేర్లు నాకు నోరు తిరగవు.
నీలం అంటాను, దానిమ్మ అంటాను,
జల్దారు పండు రంగు అంటాను.
తతుల్ నవ్వుతాడు.
నా తమ్ముడికి క్లారినెట్ ఊదడం తెలుసు,
తేదీలు తెలీవు.
నాకు స్వరం తెలీదు,
కొలతలు తెలుసు. దర్జీదాన్ని.

పోయినేడు ఈ మేకులు లేవు.
తూర్పున ఎక్కడో, సముద్రం అవతల,
గడువు అర్ధరాత్రి అని రాస్తే
మన అర్ధరాత్రే అనుకున్నాడు.
అక్కడ పన్నెండు కొట్టేసరికి
ఇక్కడ గ్యుమ్రిలో సాయంత్రం ఏడు,
పొయ్యి మీద సూపు ఇంకా ఉడకనేలేదు.
ఆ రాత్రి వాడు తినలేదు.
తెల్లారి నేను సుత్తి కొన్నాను.

నీలం వాళ్లకి వీడియోలో చేతులు కనపడాలి,
మధ్యలో కోత ఉండకూడదు.
బూడిదరంగు వాళ్లకి పియానో వద్దు.
నలుపు వాళ్లకి పియానో తప్పదు.
పియానో అంటే హ్రిప్సిమే గారు,
ఆవిడ మణికట్టు నొప్పి తగ్గాలి,
బడిలో హీటరు వెలగాలి,
అది ఆదివారమై ఉండాలి.
తెలుపు వాళ్లకి తెల్లటి గోడ ముందు ఫొటో.
మా ఊళ్లో గోడలన్నీ నల్లరాయి.
దుప్పటి ఇస్త్రీ చేసి వేలాడదీశాం.
మడత ఒకటి మిగిలిపోయింది
సరిగ్గా వాడి చెవి పక్కన.

ఆకుపచ్చ పోటీకి రుసుము పదకొండు కోట్లు.
కంగారు పడకండి, డబ్బు కాదు,
చలికోట్లు. అంచులు నేను కుట్టాలి.
ఓడినా తిరిగివ్వరట.
గెలిచినవాళ్లు మాత్రం తిరిగడుగుతారా?

ఒకే పాఠం మూడు చోట్ల అడిగితే
మూడు దారాలూ కలిపి ముడేశాను.
వాడికి ఒక్క సాధన, మూడు ఫలాలు.
కానీ తెలుపూ దానిమ్మా
రెండో అంచె ఒకే గురువారం పెట్టుకున్నాయి,
రెండు దేశాల్లో.
కత్తెర పట్టుకుని అరగంట నిలబడ్డాను.
పట్టుకుని, మళ్లీ సొరుగులో పెట్టేశాను.
రెండిట్లోనూ పిలుపొచ్చేంత అదృష్టం
మా ఇంటికెప్పుడొచ్చింది గనక!

అన్ని కాగితాల్లోనూ ఒక వాక్యం ఉంది,
అడుగున, చిన్న అక్షరాల్లో:
ప్రారంభం నాటికి ముప్పై నిండకూడదు.
నవంబరులో వాడికి నిండుతాయి.
ఆ వాక్యం మీదకి క్లిప్పు జరిపాను.
చెప్పలేదు.

ఓ రోజు రీడ్ల డబ్బా తుడుస్తుంటే
మూత లోపల అంటించిన చీటీ.
వాడి రాత. ఏడు తేదీలు,
ఒక్కోదాని పక్కన
ముప్పైకి ఇంకా ఎన్ని రోజులో.
చివరిదాని పక్కన: నాలుగు.
తేదీలు తెలీవన్నాను కదా,
ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.
చీటీ అలాగే ఉంచి మూత పెట్టాను.
ఇద్దరం ఎవరి లెక్క వాళ్లం దాచుకున్నాం.

పంపించే రాత్రి ఫైలు పేరు చూసి ఆపాను.
"నీ పేరు తియ్. అంకె ఒక్కటే ఉండాలి."
"నేనెవరో వాళ్లకెలా తెలుస్తుంది?"
"ఊపిరి బట్టి," అన్నాను.
నిజానికి నిబంధనల్లో అలా లేదు.

తర్వాత జవాబులు రావడం మొదలైంది.
ఎంతో మర్యాదగా ఉంటాయి, కాదనే ఉత్తరాలు.
నీలం దించాను. నలుపు దించాను.
ఖాళీ మేకులకి గరిటె తగిలించాను, జల్లెడ తగిలించాను.
జల్దారు వాళ్లు అసలు జవాబే ఇవ్వలేదు.
వంటిల్లు మెల్లగా వంటిల్లయింది.

నిన్న తెలుపు వచ్చింది.
రమ్మన్నారు. వాడు చదివి,
మళ్లీ చదివి, నా చేతికిచ్చి,
మెట్ల మీదికెళ్లి కూర్చున్నాడు.
దానిమ్మ ఇంకా తేలలేదు.
ఆ గురువారం సంగతి తర్వాత చూద్దాం.

ఇప్పుడు వీసా కాగితాలకి ఎనిమిదో మేకు కావాలి.
ఇంట్లో ప్రతి వస్తువుకీ చోటు చెప్పేదాన్ని,
సుత్తి ఎక్కడ పెట్టానో
గుర్తు రావడం లేదు.